కొనేది ఫస్టియర్‌లో... పని పడేది థర్డియర్‌లో

ఇంజినీరింగ్ సీట్ల జాబితా వెలువడిన వారంలో హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు మీది ఎలక్ట్రానిక్స్ షోరూములకు వెళ్తే జనమంతా ల్యాప్‌టాప్‌ల దగ్గరే కనిపిస్తారు. ఒక్కో గుంపులో సాధారణంగా ముగ్గురు. సీటు తెచ్చుకున్న బిడ్డ, డబ్బు కట్టే తండ్రి, ‘కంప్యూటర్లు తెలిసిన’ బంధువు. ‘‘గేమింగ్‌ది తీస్కుంటే నాలుగేండ్లు మళ్ల చూస్కునే పనే లేదు సార్’’ అంటూ సేల్స్‌మన్ ఎర్ర లైట్లు వెలిగే కీబోర్డు చూపిస్తాడు. ‘‘మా క్లాసుల అందరు ఇదే తీసుకుంటున్నరంట బాపూ’’ అంటుంది బిడ్డ. క్లాసులింకా మొదలే కాలేదు! తండ్రి అడిగేది ఒక్కటే: ‘‘ఇది సదువుకు పనికొస్తదా?’’

అక్కడ అడగాల్సిన ప్రశ్న నిజానికి అదే. మిగతావన్నీ కంపెనీలు అలవాటు చేసిన ప్రశ్నలు.

ఈ బేరాలు ఇక్కడే ఇంత జోరుగా సాగడానికి కారణం ఊరి అమరికే. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి విజయవాడ హైవే మీద వచ్చే బస్సుకు నగరం మొదలయ్యేది ఎల్బీనగర్ చౌరస్తాలో. అక్కడి నుంచి సాగర్ రోడ్డు పట్టుకుంటే బీఎన్‌రెడ్డి నగర్, తుర్కయంజాల్ దాటాక ఇబ్రహీంపట్నం దాకా ఇంజినీరింగ్ కాలేజీలే. మంగళ్‌పల్లిలో సీవీఆర్, భారత్, ఆ పైన శ్రీ ఇందు, గురునానక్. ఇటు మీర్‌పేటలో టీకేఆర్, సైదాబాద్‌లో మాతృశ్రీ, నాదర్‌గుల్‌లో 1981 నుంచీ ఉన్న ఎంవీఎస్ఆర్. ఈ కాలేజీల పిల్లల్లో చాలామందికి మకాం దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లే. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక నగరం అవతలి కొసన చదివేవాళ్లూ ఇక్కడే ఉండిపోతున్నారు. ప్రవేశ పరీక్ష పేరు టీజీ ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లల్లో ఇంకా ఎంసెట్టే. అందులో ర్యాంకు వచ్చినవాళ్లు ముందు చూసేది సీఎస్ఈ. అది దొరక్కపోతే దానికే ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ తోకలు తగిలించిన బ్రాంచీలు. అంటే ల్యాప్‌టాప్ అవసరం లేదనుకునే ఇల్లు దాదాపు ఉండదు.

సిలబస్ ఏమంటోంది?

2022 నుంచి 2024 దాకా చేరిన బ్యాచ్‌లకు జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనలు అమలు చేసింది. అటానమస్ కాలేజీలు అక్కడక్కడా సబ్జెక్టుల పేర్లు, సెమిస్టర్లు మార్చుకున్నా దారి అదే. ల్యాప్‌టాప్ కొనేముందు తమ బ్యాచ్ సిలబస్ ఒక్కసారి తిరగేస్తే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

ఆర్22లో మొదటి ఏడాది సీ లాంగ్వేజి, పైథాన్ ల్యాబ్. యాభై లైన్ల సీ ప్రోగ్రామును కంపైల్ చేయడానికి పదేళ్ల నాటి కంప్యూటరూ ఎక్కువే. 1990ల టర్బో సీ నీలి తెర కొన్ని ల్యాబుల్లో ఇంకా వెలుగుతూనే ఉంది. ఐటీ వర్క్‌షాప్ అనే మరో ల్యాబులో విద్యార్థి పీసీని విడగొట్టి, భాగాలు గుర్తుపట్టి, తిరిగి బిగించి ఆన్ చేయాలి. విండోస్ ఎక్కించాలి, దాని పక్కనే లినక్స్ ఎక్కించాలి. పిల్లలు రికార్డు రాసి మరచిపోయే ల్యాబ్ ఇది. కానీ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు నిజంగా అక్కరకొచ్చే చదువు ఇదే. విప్పగలమా, లోపల ర్యామ్ మార్చగలమా అన్నదే నాలుగేళ్ల తర్వాత కూడా ఆ మిషను బతికుంటుందా లేదా అన్నది తేలుస్తుంది.

రెండో ఏడాదిలో డేటా స్ట్రక్చర్స్, జావా, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్. ఇక్కడ లినక్స్ అవసరం పడుతుంది. విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ పేరుతో మైక్రోసాఫ్ట్ దాన్ని ఉచితంగా ఇస్తోంది కాబట్టి ఇబ్బంది లేదు. డేటాబేస్, ఎడిటర్, బ్రౌజరు మూడూ ఒకేసారి తెరిస్తే 8 జీబీ ర్యామ్ మూలగడం మొదలుపెడుతుంది, ఆగదు మాత్రం.

అసలు పరీక్ష మూడో ఏడాదిలో. డెవాప్స్ ల్యాబ్ వచ్చి డాకర్ నడపమంటుంది. యూఐ డిజైన్ పేరుతో ఫ్లట్టర్ వస్తుంది. ఫ్లట్టర్‌లో రాసిన యాప్‌ను చూసుకోవాలంటే కంప్యూటర్ లోపల ఒక బొమ్మ ఫోన్ నడవాలి, అదే ఎమ్యులేటర్. ఆండ్రాయిడ్ స్టూడియోకు ఎమ్యులేటర్‌తో కలిపి 16 జీబీ ర్యామ్ కావాలని దాన్ని తయారుచేసే గూగులే చెబుతోంది. ఆ తర్వాత మెషిన్ లెర్నింగ్, మినీ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ టెస్టులు. రెండేళ్ల కింద షోరూములో ‘ఫాస్ట్‌గా’ కనిపించిన 8 జీబీ మిషను ఇక్కడ చతికిలబడుతుంది. తండ్రి అప్పటికి వాయిదాలు కట్టేసి ఊపిరి పీల్చుకుంటుంటాడు. అప్పుడే బిడ్డ ఫోన్ చేసి కొత్తది కావాలంటుంది.

అందుకే ల్యాప్‌టాప్‌ను మూడో ఏడాదిని తలచుకుని కొనాలి. లేదంటే ఏడాదిన్నర ఆగాలి. మొదటి ఏడాదంతా కాలేజీ ల్యాబు, ఇంట్లో ఏదో ఒక పాత సిస్టం, ఫోన్‌తో నెట్టుకొచ్చినవాడు వెనకబడిపోడు. అదే డబ్బుతో రెండో ఏడాదిలో కొంటే కొత్త తరం ప్రాసెసర్ వస్తుంది, తనకేం కావాలో అప్పటికి తనకే తెలుస్తుంది. ఈ సలహాను ఏ షోరూమూ ఇవ్వదు, ఇవ్వాలని ఆశించడమూ తప్పే.

ర్యామ్ దగ్గర మొహమాటం వద్దు

కొనక తప్పదనుకుంటే చూడాల్సిన వరసలో మొదటిది ర్యామ్. 16 జీబీ ఉంటే మంచిది. బడ్జెట్ 8 జీబీ దగ్గరే ఆగితే, ఖాళీ స్లాట్ ఉందా అని అడిగి, మోడల్ నంబరు ఫోన్‌లో కొట్టి కంపెనీ సైట్‌లో నిర్ధారించుకోవాలి. పల్చటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది. దాన్ని పెంచే మార్గం లేదు. ‘‘తర్వాత ఎక్కించుకోవచ్చు తమ్ముడూ’’ అని కౌంటర్లో చెప్పిన మాటకు విలువ ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నంతే. పైగా 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు ప్రపంచమంతా ఎగబాకాయి. రేపు చవకగా ఎక్కించుకుందాం అనే పాత లెక్క ఇప్పుడు అంత నమ్మకంగా చెప్పలేం.

రెండోది ఎస్ఎస్‌డీ, 512 జీబీ చాలు. మూడోది కీబోర్డు, తెర. రాత్రి రెండింటి దాకా చూసే తెర ఫుల్ హెచ్‌డీ కాకపోతే కళ్లే కడతాయి ఆ బిల్లు. ప్రాసెసర్ వీటి తర్వాతే.

ప్రాసెసర్ పేర్లలో ఒక మాయ ఉంది, అది మాత్రం చెప్పుకోవాలి. ఏఎండీ రైజన్ 5 7520యూ, రైజన్ 5 7530యూ, రైజన్ 5 7540యూ. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. మూడింటి లోపలా మూడు వేర్వేరు తరాల డిజైన్లు: మొదటిది జెన్ 2, రెండోది జెన్ 3, మూడోది జెన్ 4. ముందున్న 7 అంకె అమ్మకానికి వచ్చిన ఏడాదిని చెబుతుంది, తరం తెలిసేది మూడో అంకెలో. 7520యూ పెట్టిన ల్యాప్‌టాప్‌లో ర్యామ్ అతికించే వస్తుంది, ఆ చిప్ మరో రకాన్ని ఒప్పుకోదు కూడా. అంటే ఆ స్టిక్కరు చూసి 8 జీబీ కొన్నవాళ్లు నాలుగేళ్లూ 8 జీబీలోనే ఉంటారు. ‘‘ఐ5 ఉందా, రైజన్ 5 ఉందా’’ అని అడగడం వల్ల ఏమీ తేలదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

వాయిదాల సంగతి కూడా ఒక ముక్క. ‘నో కాస్ట్ ఈఎంఐ’ బోర్డు ప్రతి షోరూములోనూ ఉంటుంది. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ మొత్తాన్ని డిస్కౌంటు పేరుతో సర్దుతారు, దాని మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మనకే పడతాయి. ఒకేసారి కడితే ఎంతకిస్తారో ముందు అడిగి, తర్వాత వాయిదా లెక్క చూసుకుంటే తేడా బయటపడుతుంది. 2025 సెప్టెంబర్‌లో టీవీలు, ఏసీల మీద జీఎస్టీ తగ్గినప్పుడు ల్యాప్‌టాప్ కూడా తగ్గిందనుకున్నవాళ్లున్నారు. దాని మీద అప్పుడూ ఇప్పుడూ 18 శాతమే.

ఎర్ర లైట్ల బరువు

గేమింగ్ ల్యాప్‌టాప్ చెడ్డదేమీ కాదు. లోపల చల్లబరిచే ఏర్పాటు బాగుంటుంది, చాలావాటిలో ర్యామ్ స్లాట్లు తెరిచే ఉంటాయి. ఇంట్లో బల్ల మీదే ఉండే మిషనైతే బేరం లాభమే. కానీ రెండుంపావు కిలోల పైచిలుకు మిషను, దానికి తోడు ఇటుకంత ఛార్జరు వీపున వేసుకుని ఉదయం ఏడింటికి కాలేజీ బస్సు పట్టుకునే పిల్ల సంగతి వేరు. ఛార్జరు తీసేస్తే క్లాసులో రెండు పీరియడ్లు నడవడం కష్టం. ప్లగ్గు పాయింటు ఉన్న బెంచీ కోసం గొడవ పడాలి. వారం తిరక్కుండానే అది హాస్టల్ గదిలో మిగిలిపోతుంది, క్లాసుకు ఫోన్ ఒక్కటే వెళ్తుంది.

‘ఏఐ చదవాలంటే గ్రాఫిక్స్ కార్డు కావాలి కదా’ అన్నది గట్టి వాదనే. గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించేందుకు ఎన్‌విడియా 2007లో తెచ్చిన కుడా చుట్టూనే ఈ రంగం పెరిగింది. అయితే ఈ బడ్జెట్లలో ల్యాప్‌టాప్‌కు దొరికే కార్డుల్లో మెమరీ చాలావరకు 4, 6 జీబీలు. గూగుల్ కోల్యాబ్ బ్రౌజర్లో ఉచితంగా ఇచ్చే టీ4 కార్డులో 16 జీబీ ఉంది. ఉచితం కాబట్టి అడిగినప్పుడల్లా దొరకదు, ఎక్కువసేపూ నడవనివ్వదు. డిగ్రీ స్థాయి ల్యాబుకు, మినీ ప్రాజెక్టుకు అది చాలు. కార్డుకు పోసే డబ్బు ర్యామ్‌లో పోస్తే నాలుగేళ్లూ ప్రతి సబ్జెక్టుకూ ఉపయోగపడుతుంది.

మ్యాక్‌బుక్ ఎయిర్ అడిగే పిల్లలు పెరిగారు. 1.24 కిలోల బరువు, రోజంతా బ్యాటరీ. సీ, జావా, పైథాన్ హాయిగా నడుస్తాయి. 2024 అక్టోబర్ నుంచి కనీసం 16 జీబీతోనే వస్తోంది. ఎం4 మోడల్ 2025 మార్చిలో ₹99,900కు దిగింది. చిక్కు ఎక్కడంటే, ఆర్22 రెండో ఏడాదిలో ఉన్న డేటా విజువలైజేషన్ ల్యాబులోని పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌లోనే పనిచేస్తుంది. కాలేజీ ల్యాబులో చేసుకుంటే గట్టెక్కవచ్చు. లక్ష పెట్టే ఇంటికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి, అంతే.

ట్యాబ్ కల హైదరాబాద్‌దే

ట్యాబ్‌తో కంప్యూటర్ సైన్స్ చదవొచ్చా? ఈ ప్రశ్నకు మన ఊరితో పాత బంధం ఉంది. 2011 అక్టోబర్ 5న అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ‘ఆకాశ్’ ట్యాబ్‌ను విడుదల చేశారు. ప్రపంచంలోనే చవకైన ట్యాబ్ అని అప్పట్లో ఊరూవాడా చెప్పుకున్నారు. కంపెనీ డేటావిండ్, పర్యవేక్షణ ఐఐటీ రాజస్థాన్, భాగాలు బిగించింది మాత్రం హైదరాబాద్‌లోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్. ప్రభుత్వం ఒక్కోదానికి చెల్లించిన ధర ₹2,276. ఏడంగుళాల తెర, వేలితో గట్టిగా నొక్కితేగానీ కదలదు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2. ఇంజినీరింగ్ పిల్లలకు ఇస్తామన్న ఆ పరికరంలో పీడీఎఫ్ తెరవడమే గగనమైంది.

విఫలమైందని నవ్వేసి వదిలేయడం తేలిక. మరుసటి ఏడాది నవంబర్ 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా వచ్చిన ఆకాశ్ 2 కొంత నయమైంది. దాని బాధ్యత తీసుకున్న ఐఐటీ బాంబే సీ, సీ++, పైథాన్, సైలాబ్ రాసుకునే యాప్ కూడా చేసింది. చదువుకునే పరికరాన్ని ప్రోగ్రాము రాసే పరికరంగా మార్చాలన్న ఆ ఆలోచన సరైనదే. ఇప్పుడు ఆండ్రాయిడ్ ట్యాబులో టర్మక్స్ అనే యాప్ వేసుకుని కీబోర్డు తగిలిస్తే సీ, పైథాన్ నడిపే కుర్రాళ్లు ఉన్నారు. సరదాకు బాగుంటుంది. ఆండ్రాయిడ్ స్టూడియో, డాకర్ అడిగే రోజు వచ్చేసరికి సరదా తీరుతుంది.

ఐప్యాడ్ కథ ఇంకా విచిత్రం. ఖరీదైన ఐప్యాడ్‌లో ఉండేది మ్యాక్‌బుక్‌లోని చిప్పే. కానీ ఆపిల్ సొంత ప్రోగ్రామింగ్ సాధనం ఎక్స్‌కోడ్ కూడా అందులో నడవదు. స్విఫ్ట్ ప్లేగ్రౌండ్స్ దాకానే అనుమతి. బ్రౌజర్లో గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ లాంటివి తెరుచుకుని పని కానిచ్చుకోవచ్చు గానీ, హాస్టల్ వైఫై మీద ఆధారపడి రేపటి ల్యాబ్ రికార్డు పూర్తి చేయడం ధైర్యమున్నవాళ్ల పని.

ట్యాబ్‌కు దాని చోటు ఉంది. 2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలు 4.59 లక్షల మందికి బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. పాఠం చూడటానికి ఇచ్చిన పరికరమది. బీటెక్‌లోనూ ట్యాబ్ ఆ పనికే సరి: డిస్క్రీట్ మ్యాథ్స్ లెక్కలు పెన్నుతో రాసుకోవడానికి, ఆల్గారిథమ్ బొమ్మలు గీసుకోవడానికి, మెట్రోలో నిలబడి పుస్తకం చదవడానికి. ల్యాప్‌టాప్ ఉండి, చేతిలో ఇంకా డబ్బు మిగిలితే కొనుక్కునే రెండో వస్తువు.

కొనిచ్చేది ఎవరు?

ఫీజు రీయింబర్స్‌మెంట్ ల్యాప్‌టాప్ దాకా రాదు. చదువులో భాగంగానే దాన్ని ఇవ్వాలనే ప్రయోగం ఒకటి తెలుగునాట జరిగింది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి పాసై వచ్చిన పల్లెటూరి పిల్లలకు ల్యాప్‌టాప్ చేతికిచ్చి పాఠాలు మొదలుపెట్టారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి ఆ ట్రిపుల్ ఐటీలను నడిపే విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్. తర్వాత్తర్వాత పంపిణీ కుంటుపడింది. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వానకూ ఎండకూ వెరవకుండా గేటు దగ్గర కూర్చున్నప్పుడు, వాళ్ల పన్నెండు డిమాండ్లలో ల్యాప్‌టాప్‌లు ఒకటి. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ ప్రైవేటు కాలేజీలో చదివే పిల్లవాడికి అలా అడిగే గేటు కూడా లేదు. ఆ ఖర్చు పూర్తిగా ఇంటిదే.

చేతిలో పాతిక వేలే ఉన్న ఇంటికి దారి సికింద్రాబాద్ వైపు ఉంది. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోట సీటీసీ. ఎల్బీనగర్‌లో ఎక్కి ఎంజీబీఎస్‌లో రైలు మారి జేబీఎస్ వైపు వెళ్తే చాలు. ఐటీ కంపెనీలు మూడు, నాలుగేళ్లు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్లు, లాటిట్యూడ్లు, ఎలైట్‌బుక్‌లు ఇలాంటి బజార్లకు చేరుతాయి. కంపెనీల కోసం చేసినవి కావడంతో కీబోర్డులు గట్టివి. చాలా మోడళ్లు విప్పి ర్యామ్ మార్చుకునేలా ఉంటాయి. అదే డబ్బుకు కొత్తగా వచ్చే నాసిరకం మిషను కంటే ఇవే మేలని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

చూసి కొనాలి, అది మాత్రం నిజం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆపైనే ఉండాలి. ఆరు, ఏడు తరాల మిషన్లు గుట్టలుగా, చాలా చవకగా దొరకడానికి కారణమదే. లినక్స్ వేసుకుని వాడతాననే ధైర్యమున్న పిల్లలకు అవీ పనికొస్తాయి. బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుందా చూడాలి. అడిగితే అక్కడే పెట్టేసి రావాలి. విండోస్‌ను రీసెట్ చేయించి, పాత కంపెనీ మెయిల్ ఐడీ అడిగితే ఆ బేరమూ వద్దు. కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయిస్తే తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం రెండూ కనిపిస్తాయి. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనవచ్చు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి. హాస్టల్లో పోతే పోలీసు ఫిర్యాదుకు అదే ఆధారం.

వనస్థలిపురంలోనో సరూర్‌నగర్‌లోనో సొంతింట్లో ఉంటూ కాలేజీకి వెళ్లొచ్చేవాళ్లు మరో దారీ చూడొచ్చు. అసెంబుల్డ్ డెస్క్‌టాప్. అదే డబ్బుకు వేగం ఎక్కువ, ఏ భాగం పోయినా విడిగా మార్చుకోవచ్చు, కరెంటు పోతే కాసేపు కాచుకోవడానికి యూపీఎస్ ఒకటి కావాలి. ఫ్యాషన్ పోయిందన్నదొక్కటే దాని తప్పు.

కాలేజీ బస్సులోనే మరో బజారు నడుస్తుంటుంది. ఉద్యోగం వచ్చిన ఫైనలియర్ సీనియర్లకు కంపెనీ ల్యాప్‌టాప్ చేతికొస్తుంది కాబట్టి మే, జూన్ నెలల్లో పాతది అమ్ముకుంటారు. ఆ మిషనుకు అదే కాలేజీ ల్యాబులన్నీ చేసిన అనుభవం ఉంటుంది. థర్డియర్‌లో ఎమ్యులేటర్ తెరిస్తే ఎంతసేపు ఆలోచించిందో అమ్మే అన్నకే తెలుసు. ధర మాట్లాడే ముందు ఫ్లట్టర్ ప్రాజెక్టు ఒక్కసారి తెరిచి చూపించమంటే సరి.